బండి మీద ప్రయాణం, నేల మీద నిద్ర: పడక ఎలా ఎంచుకోవాలి?

ఒక చలికాలంలో వత్సవాయి మండలం నుంచి ఒక యువకుడు మా ఓపీకి వచ్చాడు. నడుము పట్టేసింది. కుడి చెయ్యి భుజం పైకి లేవడం లేదు. మోచేయి, మోకాలు గీసుకుపోయి ఉన్నాయి. ఏం జరిగిందని అడిగాం. స్నేహితులతో కలిసి రెండు మోటారు సైకిళ్ల మీద పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లారట. తెల్లవారుజామున కొండ కింద పరుచుకునే మబ్బులు చూడాలని రాత్రి అక్కడే చిన్న డేరాలో పడుకున్నారు. తిరుగు ప్రయాణంలో, జాతీయ రహదారి మీద, పట్టపగలే ఇతనికి కునుకు పట్టింది. బండి రోడ్డు దిగి పడిపోయింది. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి నడిచి మా దగ్గరకు రాగలిగాడు.

"రాత్రి నిద్ర పోలేదా బాబూ?" అని అడిగితే అతను చెప్పిన మాట మాకు గుర్తుండిపోయింది. "దుప్పట్లు రెండు తీసుకెళ్లామండీ. కానీ చలి పైనుంచి రాలేదు, కిందనుంచి వచ్చింది."

ఆ కుర్రవాళ్లు కింద పరుచుకున్నది ఒక ప్లాస్టిక్ చాప మాత్రమే. బండికి సర్వీసు చేయించారు, టైర్లు చూసుకున్నారు, పెట్రోలు లెక్క వేసుకున్నారు. పడక సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అందుకే ఈసారి మన పత్రికలో ఈ చిన్న విషయం గురించి వివరంగా రాస్తున్నాం.

ఇది కుర్రవాళ్ల సంగతే కాదు

ఇది విహారయాత్రలకు వెళ్లేవారి విషయం కదా, మాకెందుకు అని అనుకోకండి. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామ, వత్సవాయి వైపు (2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా) బండి మీద వెళ్లి నేల మీద పడుకునేవారు ఎందరో ఉన్నారు. మిర్చి కోతల కాలంలో రైతులు కల్లాల దగ్గర రాత్రి కాపలా పడుకుంటారు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళ్లినవారు మున్నేటి ఒడ్డున నడుం వాలుస్తారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లినవారు ఆరుబయట దుప్పటి పరుచుకుంటారు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు ఖమ్మం మీదుగా బండ్ల మీద వెళ్లేవారూ ఉన్నారు. వీరందరికీ ఈ మాటలు పనికివస్తాయి.

పడక చేయవలసిన పనులు రెండు

మొదటి పని, చలిని అడ్డుకోవడం. మన శరీరం వేడిగా ఉంటుంది, రాత్రి నేల చల్లబడుతుంది. రెండూ తగిలినప్పుడు ఒంట్లోని వేడి నేలలోకి పోతూనే ఉంటుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా ఇది ఆగదు. దుప్పటి వెచ్చగా ఉండడానికి కారణం దాని పోగుల మధ్య నిలిచే గాలి. ఒంటి కింద పడిన దుప్పటి మన బరువుకు నలిగిపోయి, ఆ గాలి బయటకు పోతుంది. నేల తడిగా ఉంటే ఇంకా కష్టం. నీరు వేడిని లాగేసే శక్తి గాలితో పోలిస్తే ఇరవై రెట్లకు పైనే. మంచుకు తడిసిన పడక మీద వణుకు ఎందుకు వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండవ పని, ఎముకల మీద బరువు తగ్గించడం. కటిక నేల మీద పడుకుంటే మన బరువంతా భుజం, తుంటి, పిరుదులు, మడమలు వంటి కొన్ని చోట్లే పడుతుంది. అక్కడ నరాలు, కండరాలు నొక్కుకుపోతాయి. తిమ్మిరి ఎక్కుతుంది, అటూ ఇటూ దొర్లుతాం, నిద్ర తెగిపోతుంది. పగలంతా బండి అదురుకు అలిసిన నడుముకు రాత్రి కూడా విశ్రాంతి దొరకదు.

"నడుము నొప్పి ఉన్నవాళ్లు గట్టి నేల మీద పడుకోవాలి" అని మన పెద్దలు చెబుతుంటారు. ఈ మాటను పూర్తిగా నమ్మవలసిన పని లేదు. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిపై స్పెయిన్‌లో జరిగిన పరిశోధన 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. బాగా గట్టి పరుపు మీద పడుకున్నవారి కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గిందని అందులో తేలింది. కుంగిపోయే మెత్తదనమూ వద్దు, కటిక నేలా వద్దు.

మనకు దొరికే పడకలు, వాటి మంచిచెడ్డలు

1. ఈతచాప, తాటాకు చాప, తుంగచాప: గాలి ఆడుతుంది, చెమట పట్టదు. మన వేసవికి ఇంతకంటే హాయి లేదు. కానీ మెత్తదనం ఉండదు. చలిని కొద్దిగానే ఆపుతుంది. తడిస్తే ఆరడానికి సమయం పడుతుంది, బూజు పట్టే అవకాశం ఉంది.

2. ప్లాస్టిక్ చాప: తేలిక, చవక, నేల తడిని కొంత అడ్డుకుంటుంది. అయితే అది పలుచని పొర మాత్రమే. చలిని గానీ, ఒత్తిడిని గానీ ఆపలేదు. దీన్ని అడుగున పరిచే పొరగా వాడండి, పడకగా కాదు.

3. జంపఖానా, బొంత: నాలుగు మడతలు వేస్తే పొడి నేల మీద బాగానే ఉంటాయి. కల్లం దగ్గర పడుకునే రైతుకు ఇవి చాలు. మంచు పడితే నీరు పీల్చి బరువెక్కుతాయి. అందుకే వీటి కింద టార్పాలిన్ పట్టా తప్పనిసరి. బండి మీద చోటు కూడా ఎక్కువ పడుతుంది.

4. ఫోమ్ చాప: ఇక్కడ ఒక తేడా గమనించాలి. స్పాంజి పరుపులో గదులన్నీ తెరుచుకుని ఉంటాయి, నీరు పీలుస్తుంది. వ్యాయామానికి వాడే కొన్ని రకాల ఫోమ్ చాపల్లో ఒక్కొక్క గాలి బుడగ దేనికది మూసుకుని ఉంటుంది. నీరు లోపలికి పోదు, గాలి బయటకు రాదు. చలిని ఆపేది ఆ గాలే. ముల్లు గుచ్చుకున్నా పాడవదు. బండి మీద వెళ్లేవారిలో ఎక్కువమందికి మేము చెప్పేది ఇదే. మందం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. యోగాకు వాడే 4, 6 మిల్లీమీటర్ల చాప అయితే రెండు మడతలు గానీ, రెండు చాపలు గానీ కావాలి.

5. గాలి పరుపు: చాలా మెత్తన, మడిస్తే చిన్న పొట్లం. కానీ మన వైపు తుమ్మ ముల్లు, రేగు ముల్లు సంగతి మీకు తెలిసిందే. ఒక్క ముల్లు చాలు, అర్ధరాత్రి నేల మీదకు వచ్చేస్తారు. ఇంకొక లోపం, మామూలు గాలి పరుపు లోపల గాలి అటూ ఇటూ తిరుగుతూ వేడిని కిందికి మోసుకుపోతుంది. అందువల్ల చలి ప్రదేశంలో దాని మీద ఫోమ్ చాపో, బొంతో వేసుకోవాలి. గాలి పూర్తిగా బిగించకండి. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తుంటి కొద్దిగా దిగాలి, నేలకు తగలకూడదు. ఎండలో బిగించి వదిలేస్తే పగిలిపోవచ్చు. అతుకు సామాను వెంట ఉంచుకోండి.

6. తనంతట తానే గాలి పీల్చుకునే పరుపు: లోపల స్పాంజి, పైన గాలి చొరని గుడ్డ, మూలన ఒక మూత ఉంటాయి. మూత తిప్పితే స్పాంజి విచ్చుకుంటూ గాలి పీలుస్తుంది. అమెరికాలోని సియాటిల్ నగరంలో బోయింగ్ విమానాల సంస్థలో పనిచేసిన ఇంజనీర్లు 1970ల మొదట్లో దీన్ని తయారుచేశారు. హాయిలోనూ, వెచ్చదనంలోనూ మంచిదే గానీ ఖరీదెక్కువ. ఇంట్లో దాచేటప్పుడు మూత తెరిచి, చుట్టకుండా పరిచి ఉంచాలి.

7. మడత మంచం: బరువు ఎక్కువ. అయినా రోజూ పొలానికి కాపలాకు వెళ్లేవారికి ఇదే అన్నిటికంటే మంచిది. కారణం కింద చెబుతాం.

అంగడిలో కొన్ని పడకల మీద "ఆర్ విలువ" అని ఒక అంకె కనిపిస్తుంది. చలిని ఆపే శక్తికి అది కొలత. అంకె పెరిగేకొద్దీ వెచ్చదనం పెరుగుతుంది. మన మైదాన ప్రాంతపు రాత్రులకు 1 లేక 2 సరిపోతుంది. లంబసింగి, పాడేరు వైపు చలికాలంలో వెళ్లేవారికి 3 గానీ, 4 గానీ కావాలి. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగిలో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోతుంది. రెండు చాపలు ఒకదానిపై ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. కాబట్టి ఖరీదైనది కొనలేనివారు రెండు మామూలు ఫోమ్ చాపలు వేసుకుంటే పని జరుగుతుంది.

కొనే ముందు మూడు పరీక్షలు

మోకాలి పరీక్ష: చాపను గచ్చు మీద పరిచి ఒక మోకాలి మీద బరువు వేసి ఆనండి. ఎముకకు గచ్చు తగిలితే అది మీకు పలుచన.

నీటి పరీక్ష: ఇంట్లో పాత ఫోమ్ ఉంటే ఒక మూలను బకెట్టులో ముంచి పిండండి. నీరు కారితే ఆరుబయట పడకకు పనికిరాదు.

ఒక రాత్రి పరీక్ష: ప్రయాణానికి వారం ముందే ఇంట్లో ఆ చాప మీద గచ్చుపై ఒక రాత్రి నిద్రపోండి. పొద్దున్న నడుము, భుజం ఏం చెబుతాయో వినండి. వెల్లకిలా పడుకునే అలవాటు ఉన్నవారికి తక్కువ మందం చాలు. పక్కకు తిరిగి పడుకునేవారికి భుజం, తుంటి దిగడానికి ఎక్కువ మందం కావాలి. పొడవు తల నుంచి మడమల వరకు రావాలి. చోటు లేకపోతే కనీసం భుజాల నుంచి తుంటి వరకైనా మందంగా ఉండేలా చూసుకోండి. కాళ్ల కింద బట్టల సంచి పెట్టుకోవచ్చు.

బండికి కట్టేటప్పుడు

చాపను గట్టిగా చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వెనక సీటు మీద అడ్డంగా కట్టండి. రెండు తాళ్లు రెండు చోట్ల ఉండాలి. తాడు కొసలు వేలాడకూడదు. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకుని పడిపోయినవారికి మేము కట్లు కట్టాం, తాడు కూడా అలాగే చిక్కుకుంటుంది. చుట్ట బాగా పక్కలకు పొడుచుకు వస్తే దాటిపోయే లారీకి తగులుతుంది. వెనక లైటు, నంబరు ప్లేటు కనబడాలి. సైలెన్సరుకు దగ్గరగా కడితే ఫోమ్ కరిగిపోతుంది. యాభై కిలోమీటర్లకు ఒకసారి ఆగి ముడి చూసుకోండి. అదే సమయంలో మీ నడుమూ సాగదీసుకోండి.

చాప ఆపలేనిది ఒకటుంది

ఇంతవరకు హాయి గురించి చెప్పాం. ఇక ప్రాణం గురించి చెప్పాలి. ఎంత మంచి చాప అయినా పామును ఆపలేదు.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద నిద్రపోయేవారిని కాటేస్తుంది. ఆ కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు, వాపు రాదు, గాటు కూడా కనబడదు. మనిషి నిద్ర లేవకపోవచ్చు. లేచినా చీమో దోమో అనుకుని మళ్లీ పడుకుంటాడు. కొద్ది గంటల్లో కడుపు నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, గుటక పడకపోవడం మొదలవుతాయి. తర్వాత ఊపిరి ఆగిపోతుంది. 2020లో ప్రచురితమైన అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు 58 వేల మంది పాము కాటుతో చనిపోయారు. ఈ మరణాలు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

దీనికి మందు కంటే ముందు ఒక చవకైన కాపుదల ఉంది. అది దోమతెర. నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో జరిగి 2007లో ప్రచురితమైన పరిశోధనలో, దోమతెరలో నిద్రించేవారికి పాము కాటు ముప్పు తక్కువని తేలింది. తెర అంచులను చాప కిందికి నాలుగు వైపులా మడిచి దోపాలి. అంటే చాప గట్టిగా, తెర అంచును నొక్కి పట్టేలా ఉండాలి. డేరా అయితే జిప్పు పూర్తిగా వేయాలి. మడత మంచం మంచిదని చెప్పింది ఇందుకే. నేలకు ఎత్తుగా ఉంటే ముప్పు తగ్గుతుంది. దాని మీద కూడా తెర కట్టుకోండి.

గడ్డి, పొదలు, చెత్త కుప్పలు, గట్టు బొరియలు, ధాన్యం బస్తాలు దగ్గరగా ఉన్న చోట పడక వేయకండి. ధాన్యానికి ఎలుక, ఎలుకకు పాము వస్తాయి. తినుబండారాలు పక్కన పెట్టుకోవద్దు. టార్చిలైటు చేతికి అందేలా ఉంచుకోండి. పొద్దున్నే చాప, బూట్లు, హెల్మెట్ దులపకుండా వాడకండి, తేళ్లు దూరుతాయి.

గడ్డి మీద నేరుగా పడుకుంటే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా రావచ్చు. కంటికి కనబడనంత చిన్న నల్లి పిల్లలు కుట్టడం వల్ల ఇది వస్తుంది. బయట పడుకుని వచ్చిన తర్వాత రెండు మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి వస్తే ఒళ్లంతా చూసుకోండి. చంకలో, గజ్జలో, నడుము దగ్గర సిగరెట్టు కాలినట్టు నల్లటి చెక్కు ఉందేమో చూడండి. ఉన్నా లేకపోయినా, బయట పడుకున్న సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. సమయానికి వస్తే మామూలు మాత్రలతోనే తగ్గుతుంది.

కాటు అనుమానం వస్తే

రాత్రి నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారేసరికి కారణం లేని కడుపు నొప్పి, వాలిన కనురెప్పలు కనిపిస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోకండి. తాడు బిగించి కట్టవద్దు. బ్లేడుతో కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసరు మందు పోయవద్దు. ఉంగరాలు, గాజులు తీసేయండి. కాటు పడిన కాలూ చెయ్యీ కదలకుండా చూడండి. 108కి ఫోను చేయండి. బండి మాత్రమే దగ్గర ఉంటే రోగిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురండి. నేపాల్‌లోనే కొన్ని గ్రామాల్లో యువకులు ఇలా మోటారు సైకిళ్ల మీద రోగులను వెంటనే ఆసుపత్రికి చేర్చి పాముకాటు మరణాలను బాగా తగ్గించారు. రోగి చేత మాత్రం బండి నడిపించకండి. విషానికి విరుగుడు ఇంజక్షను, అవసరమైతే ఊపిరి ఇచ్చే యంత్రం ఉన్న ఆసుపత్రికే రావాలి.

వీరు మరింత జాగ్రత్త పడాలి

షుగరు ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు. మడమలు గట్టి నేలకు రాత్రంతా ఆనితే పుండు పడినా తెలియదు. పిక్కల కింద మెత్తటి మడత పెట్టి మడమలు తేలేలా చూసుకోండి. కీళ్ల నొప్పులున్న పెద్దవారికి నేల మీద నుంచి లేవడమే కష్టం, మడత మంచం ఏర్పాటు చేయండి. నిండు గర్భిణులు, నెలల పిల్లల తల్లులు బండి మీద దూర ప్రయాణం చేసి ఆరుబయట పడుకోకపోవడమే మంచిది.

నిద్ర చాలకపోతే బండి ఎక్కవద్దు

చివరగా, మొదట చెప్పిన యువకుడి దగ్గరకు వద్దాం. అతన్ని పడేసింది చలి కాదు, మరునాటి కునుకు. ఏకధాటిగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతమే. అంటే చుక్క ముట్టనివాడు కూడా నిద్ర లేకపోతే తాగి నడిపినవాడితో సమానం. ఆవులింతలు, కళ్ల మంట, దాటిన ఊరు గుర్తులేకపోవడం కునుకుకు ముందు వచ్చే గుర్తులు. అప్పుడు టీ తాగి సాగిపోకండి. రోడ్డుకు దూరంగా, నీడలో, ఆ చాపే పరుచుకుని అరగంట నిద్రపోండి.

ఆ యువకుడు నెల తర్వాత తిరిగి చూపించుకోవడానికి వచ్చాడు. చెయ్యి బాగా లేస్తోంది. ఈసారి మా సలహా అడిగాడు, ఫోమ్ చాప కొనాలా, గాలి పరుపు కొనాలా అని. ఫోమ్ చాప కొనమన్నాం, దోమతెర మరిచిపోవద్దన్నాం. "మా నాన్న కల్లం దగ్గర పడుకుంటాడండీ, ఆయనకు కూడా ఒకటి కొంటాను" అన్నాడు. మాకు చాలా సంతోషం వేసింది.

గుర్తుంచుకోండి

* పైన కప్పుకునే దుప్పటి కంటే ముందు కింద పరుచుకునేది చూసుకోండి.
* అడుగున పట్టా, దానిపై నీరు పీల్చని 10 మిల్లీమీటర్ల ఫోమ్ చాప, చుట్టూ దోమతెర. ఈ మూడూ ఒక సంచిలో సరిపోతాయి.
* చలి ప్రదేశమైతే రెండు చాపలు.
* ప్రయాణానికి ముందు ఇంట్లో ఒక రాత్రి పరీక్షించండి.
* రాత్రి సరిగా నిద్ర పట్టకపోతే పొద్దున్న బయలుదేరే సమయం వెనక్కి జరపండి. ఇంట్లోవారు ఒక గంట ఎదురుచూస్తారు, పరవాలేదు.